ఇచ్చే పాత్ర: పళ్ళెరం, తళిగ, తబుకుల చరిత్ర

తెలుగునాట ఇంటి సామాన్లకు పేర్లు పెట్టడంలో ఆకారం కంటే పనికే ఎక్కువ ప్రాధాన్యం కనిపిస్తుంది. గుండ్రంగా, చదునుగా, చుట్టూ అంచు కొద్దిగా పైకి లేచి ఉండే లోహపు పాత్రను అన్నం తినడానికి వాడితే అది కంచం. దాదాపు అదే కొలతల్లో ఉన్న మరో పాత్రలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, పూలు, కొత్త బట్టలు పెట్టి ఎదుటివారికి అందిస్తే అది పళ్ళెం. ఈ రెండో రకం పాత్రకు తెలుగులో పేర్లు ఒకటి రెండు కావు. పళ్ళెరం, తళిగ, హరివాణం, తాంబాళం, తబుకు, కిస్తీ, చివరగా ట్రే, ఇవన్నీ ఒక్కో కాలంలో, ఒక్కో చోట ఈ పాత్రకు చెల్లిన మాటలే. నిఘంటువులు వీటిని ఒకదానికొకటి అర్థంగా చెప్పి ఊరుకుంటాయి కాని, ఏ మాట ఎవరి నోట, ఏ సందర్భంలో నిలిచిందో గమనిస్తే ఇవి పూర్తి పర్యాయపదాలు కావని తేలుతుంది.

ఈ పేర్లలో చాలావరకు ఏదో ఒక వ్యవస్థ వెంట వచ్చినవే. గుడి, రాజసభ, దక్కను దర్బారు, దొరల బంగళా, వీటిలో ప్రతిదానికీ తనదైన ఇచ్చిపుచ్చుకునే మర్యాద ఉండేది. ఆ మర్యాదతోపాటు దానికి తగిన పాత్ర, ఆ పాత్రతోపాటు దాని పేరు జనంలోకి వచ్చాయి. అయితే కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ పాత పేరు మాయం కాలేదు. రెండూ పని పంచుకున్నాయి. పాతది తనకు బాగా పట్టున్న సందర్భానికి కుదించుకుని అక్కడే స్థిరపడింది. అందువల్ల ఈ మాటల చరిత్ర చెప్పడమంటే తెలుగువారు ఎవరికి, ఏ వస్తువును, ఏ పద్ధతిలో ఇచ్చారన్న చరిత్ర చెప్పడమే అవుతుంది.

ఎంగిలి గీత

కంచానికీ పళ్ళేనికీ మధ్య ఉన్న తేడాకు మూలం ఎంగిలి అన్న భావనలో ఉంది. నోటికి తగిలిన చేయి తాకిన అన్నం, ఆ అన్నం ఉన్న పాత్ర మరొకరికి పనికిరావన్న నియమమే ఎంగిలి. దీనివల్ల తినే పాత్ర ఒక మనిషికి కట్టుబడిపోతుంది. పాత ఇళ్ళలో ఎవరి కంచం వారికి విడిగా ఉండేది. ఆలుమగల అన్యోన్యతను చెప్పడానికి ఒకే కంచం, ఒకే మంచం అనే వాడుక పుట్టిందంటే, మిగిలిన వారి విషయంలో కంచం పంచుకోకపోవడమే రివాజని అర్థం. విందుల్లో ఈ చిక్కును అరిటాకు, విస్తరి తీర్చాయి. తినగానే పారేసే ఆకుకు ఎంగిలి ఉన్నా నష్టం లేదు.

పళ్ళెరం విషయం దీనికి పూర్తిగా భిన్నం. అది పదిమంది చేతులు మారవలసిన పాత్ర. పేరంటంలో ఒకే పళ్ళెం ఒక ముత్తైదువ ముందు నుంచి మరొకరి ముందుకు వెళ్తుంది. పెళ్ళిలో అక్షింతల పళ్ళెం పందిరంతా తిరుగుతుంది. గుడిలో హారతి పళ్ళెం భక్తులందరి ముందుకూ వస్తుంది. అన్ని చేతులు తాకినా శుద్ధి పోకుండా ఉండాలంటే దానిలో ఎవరూ తినకూడదు. కోస్తా జిల్లాల మాటల్లో పళ్ళెం అన్న పేరు అన్నం తినే పాత్రకు కూడా వ్యాపించిన మాట నిజమే కాని, అక్కడ కూడా తినే పళ్ళేన్ని పూజకు తీసే ఇల్లు ఉండదు. పేరు కలిసినా వస్తువులు కలవలేదు.

ఇటువంటి విభజనే రాచకొలువుల్లో తాంబూలం విషయంలోనూ ఉండేది. రాజు తాను వేసుకునే ఆకువక్కలు ఉంచుకునే సంచి లేదా పెట్టెను అడపం అనేవారు. దానిని మోసే అడపంవాడు రాజుకు అత్యంత సన్నిహితుడు కావడంతో ఆ పని విజయనగర కాలంలో పలుకుబడి గల కొలువుగా ఎదిగింది. రాజు ఇతరులకు ఇప్పించే తాంబూలం మాత్రం అడపంలో నుంచి నేరుగా చేతికి రాదు, పళ్ళెంలోకి చేరి ఆ తరవాత అతిథి ముందుకు వస్తుంది. కంచానికి పళ్ళెం ఎట్లాగో, అడపానికి తాంబూలపు పళ్ళెరం అట్లాగ: మొదటిది సొంతానికి, రెండోది పరులకు.

లోహమూ కంచరి పనీ

ఈ విభజనకు ఆచారంతోపాటు లోహ స్వభావం కూడా తోడ్పడింది. రాగిలో తగరం కలిపితే కంచు, రాగిలో తుత్తునాగం, అంటే జింకు, కలిపితే ఇత్తడి తయారవుతాయి. చింతపండు పులుసు, మజ్జిగ వంటివి ఇత్తడితో కలిస్తే రాగి కరిగి చిలుము పడుతుంది. ఆ ఆకుపచ్చని తుప్పు కడుపులోకి వెళ్తే హాని చేస్తుంది. అందుకే ఇత్తడి పాత్రల్లో వంట చేయాలన్నా, పులుపు ఉంచాలన్నా లోపల తగరపు పూత పూయించేవారు. దీనినే కళాయి అంటారు. కంచులో తగరం పాలు ఎక్కువ కావడంతో పులుపుకు అంత త్వరగా లొంగదు కనుక అన్నం తినే పాత్రలకు కంచు తగినదైంది. పూలు, ఆకులు, బట్టలు, పసుపు కొమ్ములు, బియ్యం వంటి పొడి వస్తువులకు ఈ బెడద లేదు. వాటికి చవకగా దొరికే, బంగారం రంగులో మెరిసే ఇత్తడి చాలు. ఇత్తడి పళ్ళేన్ని పండుగ ముందు రోజు తళతళలాడేలా చేసేది కూడా చింతపండే కావడం గమనించదగ్గ విషయం. నానబెట్టిన చింతపండు గుజ్జుతో రుద్ది, ఆ పైన బూడిదతో తోమితే, పులుపులోని ఆమ్లం మీది మురికి పొరను కరిగించి కింది లోహాన్ని బయటపెడుతుంది. తినే పాత్రగా ఇత్తడిని అనర్హం చేసిన గుణమే ఇచ్చే పాత్రగా దానికి మెరుపు తెచ్చింది.

ఈ పాత్రలు చేసే వృత్తివారు కంచరులు. కమ్మరి, వడ్రంగి, కంసాలి, శిల్పులతోపాటు విశ్వకర్మ వృత్తుల్లో వీరిది ఒకటి. పూర్వం కంచరి లోహపు ముద్దను కాచి, దాకలి మీద సుత్తెలతో సాగగొట్టి రేకు తీసి, దానిని గుండ్రంగా కోసి, అంచును కొద్దికొద్దిగా కొడుతూ లేపేవాడు. పళ్ళెంలో అన్నిటికంటె నైపుణ్యం కోరేది ఈ అంచే. అది మరీ ఎత్తయితే వస్తువు ఎదుటివారికి కనిపించదు, మరీ చదునైతే కుంకుమ బరిణె జారిపోతుంది. మొన పదునుగా వదిలితే పట్టుకున్న చేతిని కోస్తుంది కనుక దానిని బయటికి మడిచి నున్నగా చేయాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటికి ఐరోపా నుంచి తయారు రేకులు దిగుమతి కావడంతో ముద్దను సాగగొట్టే మొదటి సగం పని తగ్గి, కోసి మడిచి నగిషీ చెక్కే రెండో సగం పని మిగిలింది.

శ్రీకాకుళం ప్రాంతంలోని బుడితి కంచు, ఇత్తడి సామాన్లకూ, పశ్చిమ గోదావరి ప్రాంతంలోని అజ్జరం ఇత్తడి పనికీ పేరుపొందాయి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క పరుపు మీద బిగించి, సన్నని ఉలులతో కొట్టి బొమ్మలను ఉబ్బెత్తుగా తేల్చే పని సాగుతుంది; అక్కడి పనివారు దేవాలయాల తలుపులకు, వాహనాలకు తొడుగులతోపాటు అలంకారపు పళ్ళేలూ చేస్తారు. కరీంనగర్ వెండి తీగ పని మరో దారి పట్టింది. వెంట్రుకంత సన్నగా లాగిన వెండి తీగలను మెలిపెట్టి, జల్లెడలా అతికి చేసిన ఆ పళ్ళెంలో నీళ్ళు నిలవవు, అన్నం పెట్టడం కుదరదు. తమలపాకులో, అత్తరు సీసానో పెట్టి అందించడానికే అది పుట్టింది.

పళ్ళెరాన్ని వాడనప్పుడు ఎట్లా ఉంచేవారో ఒక సామెత చెబుతుంది. బంగారు పళ్ళెరానికైనా గోడ చేర్పు కావాలి అన్న మాట ఎంత గొప్పవారికైనా ఒక ఆసరా అవసరమని చెప్పడానికి వాడుకలో ఉంది. చెంబులు, బిందెలు తమంతట తాము నిలబడతాయి, గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. వెడల్పాటి పళ్ళెరాన్ని మాత్రం గోడకు చేరవేసి నిలబెట్టాలి. రోజూ వాడని, సందర్భం వచ్చినప్పుడే తీసే వస్తువు కనుకనే దాని విశ్రాంతి స్థితి సామెతకు ఎక్కింది.

తళిగ: పాత్ర నుంచి నైవేద్యానికి

పళ్ళెరం ఇంటి మాట అయితే, తళిగ గుడి మాట. సంస్కృతంలో స్థాలి అంటే వంటకుండ. ఒక మెతుకు పట్టి చూస్తే కుండెడు అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందని చెప్పే స్థాలీపులాక న్యాయంలో ఆ అర్థమే ఉంది. అదే కుటుంబానికి చెందిన స్థాలం అన్న మాట వెడల్పాటి పాత్రను సూచించింది. ప్రాకృతాల మీదుగా ఈ మాటలు ఉత్తరాదిన థాలీగా, తెలంగాణ పలుకుబడిలో అన్నం తినే తలెగా, సాహిత్య భాషలో తళియ, తళిగలుగా నిలిచాయి. తమిళంలో దీనికి సాటి మాట తళిగై.

తిరుమల శాసనాల్లో ఈ మాటకు ఒక విశేషమైన వాడుక కనిపిస్తుంది. ఎక్కువ భాగం తమిళంలో ఉన్న ఆ శాసనాల్లో భూములో, ధనమో ఇచ్చిన దాతలు, దాని రాబడితో స్వామికి రోజుకు లేదా ఫలానా ఉత్సవానికి ఇన్ని తళిగలు నివేదించాలని ఏర్పాటు చేశారు. ఇక్కడ తళిగ పళ్ళెం కాదు, ఒక పళ్ళెం నిండా పట్టే నైవేద్యం. అంటే పాత్ర పేరు కొలత పేరుగా మారింది. దాతలకు దీనిలో లెక్క ప్రకారం హక్కు కూడా ఉండేది. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. దీనిని తమిళంలో విట్టవన్ విళుక్కాడు అనేవారు. నైవేద్యాన్ని విడివిడి తళిగలుగా లెక్కించే పద్ధతి ఉన్నందువల్లనే ఇటువంటి వాటాలు శాసనాల్లో స్పష్టంగా రాయడానికి వీలయింది. దేవాలయ ఆర్థిక వ్యవస్థలో పళ్ళెం ఒక కొలమానమైంది.

మాట అర్థం అక్కడితో ఆగలేదు. శ్రీవైష్ణవుల ఇళ్ళలో తళిగ అంటే దేవునికి నివేదించే వంట, ఆ తరవాత వంట పనే అన్న అర్థం స్థిరపడింది. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లో పెరటాసి మాసపు శనివారాల్లో వేంకటేశ్వరునికి తళిగ వేయడమంటే పులిహోర, చక్కెర పొంగలి, వడలు వంటివి వండి దేవుని ముందు పరిచి నివేదించడం. ఆ వంటకాలను పళ్ళెంలో పెట్టినా, అరిటాకులో పెట్టినా అది తళిగే. లోహపు పాత్ర లేకుండానే పాత్ర పేరు నడుస్తున్నదన్న మాట.

గుడికి పళ్ళెం కేవలం కొలత కాదు, కానుక కూడా. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి తిరుమల దర్శించినప్పుడు రత్నాలు పొదిగిన కిరీటంతోపాటు, కర్పూర హారతికి 25 వెండి పళ్ళేలు సమర్పించాడు. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు నివేదించడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. దేవుడు ధరించేవి, ఆరగించేవి, దేవునికి చూపేవి అని ఈ కానుకలను మూడుగా విడదీసి చూడవచ్చు. కిరీటం మొదటిది, గిన్నెలు రెండోవి, పళ్ళేలు మూడోవి.

రాజసభలో పళ్ళెరం

విజయనగర సభలో పళ్ళెరం ఏ పని చేసేదో ఒక విదేశీ రాయబారి రాతల వల్ల తెలుస్తుంది. హీరాత్ నుంచి పాలించిన తైమూరు వంశపు సుల్తాను షారుఖ్ పంపిన అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరం చేరి, రెండవ దేవరాయల దర్శనం చేసుకున్నాడు. ఎండ వేడిమికి, ఒంటి మీది బరువైన దుస్తులకు చెమటలో తడిసిపోతున్న రాయబారిని చూసి రాజు తన చేతిలోని విసనకర్రను బహూకరించాడు. ఆ తరవాత ఒక పళ్ళెం తెచ్చి అందులోనుంచి రెండు తాంబూలపు కట్టలు, 500 పణాలున్న సంచి, సుమారు 20 మిస్కాళ్ళ కర్పూరం ఇచ్చారని, ఆ పైన సెలవు తీసుకుని బసకు వెళ్ళానని అతడు రాసుకున్నాడు. పణం అప్పటి చిన్న బంగారు నాణెం. మిస్కాల్ నాలుగున్నర గ్రాములకు అటూ ఇటుగా ఉండే పారసీక తూనిక.

ఈ సంఘటనలో వరస గమనించదగినది. విసనకర్ర రాజు చేతి నుంచి నేరుగా వచ్చింది. అది ఆ క్షణంలో కలిగిన దయకు గుర్తు. పళ్ళెంలో వచ్చినది మాత్రం సభా మర్యాద. రాయబారికి దక్కవలసినదేమిటో ముందే నిర్ణయమై ఉంది, ఆ నిర్ణయమే పళ్ళెంలో పేర్చి వచ్చింది. అది వచ్చిందంటే దర్శనం ముగిసినట్టే. తాంబూలం ఇచ్చి పంపడమనే ఈ ముగింపు పద్ధతి తరవాతి దర్బారులన్నిటిలోనూ కొనసాగి, ఈస్టిండియా కంపెనీ అధికారులు, ఆ పైన వైస్రాయిలు నడిపిన దర్బారుల్లో అత్తరు, పాన్ పంచడంగా మారింది. తెలుగు ఇళ్ళలో పేరంటం చివర తాంబూలం అందుకున్నాకే ముత్తైదువలు లేవడం కూడా ఇదే మర్యాదకు గృహరూపం.

పెద్ద పళ్ళేనికి హరివాణం అన్న మాట తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ ఉంది. తెలుగులో అది ఇప్పుడు పుస్తకాలకు పరిమితమైపోగా, కన్నడంలో పూజకు, భోజనానికి వాడే వెడల్పాటి పాత్రగా ఇంకా నోళ్ళలో ఉంది. తాంబాళం అన్న మాటకు తమిళంలో సాటి ఉంది. వెడల్పుగా, అంచు కొంచెం ఎత్తుగా ఉండే ఇత్తడి పళ్ళేన్ని అట్లా పిలుస్తారు. తమిళంలో తట్టు, కన్నడంలో తట్టె అంటే పళ్ళెం కాగా, తెలుగులో తట్ట వెదురు బుట్టకు స్థిరపడింది. పొరుగు భాషల్లో పళ్ళేనికి వాడే మాటను తెలుగు మేదరి పనికి ఇచ్చేసింది కనుక, లోహపు పాత్రకు ఇతర పేర్ల అవసరం ఎక్కువైంది.

తబుకు, ఖ్వాన్, కిస్తీ

బహమనీ, కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ పాలనల్లో పారసీకం, దక్కనీ ఉర్దూ తెలుగుకు దఫ్తరు మాటలతోపాటు వంటింటి మాటలనూ ఇచ్చాయి. అరబ్బీలో పొర, పళ్ళెం అన్న అర్థాలున్న తబక్ అన్న మాట తెలుగులో తబుకుగా మారింది. పారసీకంలో వడ్డన పళ్ళేనికి ఖ్వాన్ అని పేరు. దాని మీద కప్పే గుడ్డ ఖ్వాన్‌పోష్. కిస్తీ అంటే పడవ. పడవలా కోలగా ఉండే పళ్ళేనికి ఉర్దూలో ఆ పేరు వచ్చింది. బీదరులో తయారయ్యే బిద్రీ సామాన్లలో ఇటువంటి పళ్ళేలకు ప్రత్యేక స్థానం ఉంది. జింకు ఎక్కువగా, రాగి తక్కువగా కలిపి పోతపోసిన పాత్ర మీద గాడులు చెక్కి, వాటిలో వెండి తీగను, రేకును పొదిగి, చివరికి బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడి వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరు నుంచి ఈ పళ్ళేలు నగరంలోని నవాబుల ఇళ్ళకు చేరాయి.

ఈ సంప్రదాయం తెచ్చిన పెద్ద మార్పు మాటలో కంటె కప్పులో ఉంది. మొగల్ వంటశాల గురించి అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో చెప్పిన ప్రకారం, చక్రవర్తికి వెళ్ళే బంగారు, వెండి పాత్రలను ఎర్ర గుడ్డలోను, రాగి, పింగాణీ పాత్రలను తెల్ల గుడ్డలోను కట్టి, వంటశాల అధికారి వాటిపై ముద్ర వేసి, లోపల ఏమున్నదో రాసేవాడు. విషప్రయోగం జరగకుండా తీసుకున్న జాగ్రత్త ఇది. దర్బారు భద్రతకు పుట్టిన ఈ కప్పు కాలక్రమంలో మర్యాదగా మారి, కానుకల పళ్ళేలకు జరీ అంచు ఖ్వాన్‌పోష్ అలంకారమైంది. ఏలూరు వాస్తవ్యుడైన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారాలను వివరించగా హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేసి 1832లో ప్రచురించిన కానూనె ఇస్లాంలో పెళ్ళి వేడుకల పొడవునా ఇటువంటి పళ్ళేల ప్రస్తావన ఉంది. హైదరాబాదు ముస్లిం పెళ్ళిళ్ళలో వరుని వైపు వారు వధువుకు బట్టలు, నగలు, పూలు తీసుకువెళ్ళే సాంచఖ్ వేడుకలో కప్పిన పళ్ళేల వరస నేటికీ ముఖ్యమే.

హిందూ ఇళ్ళలో సారె పద్ధతి దీనికి ఎదురుగా ఉండేది. ఆడపిల్లతో పంపే చలిమిడి, అరిసెలు, లడ్డూలు, చీర, పసుపు కుంకుమలు తెరిచిన పళ్ళేలలో వీధి వెంట వెళ్ళేవి. ఎన్ని పళ్ళేలు, ఏమేమి పెట్టారు అన్నది ఇరుగుపొరుగు వారికి కనిపించడమే దానిలోని సామాజికార్థం. తెరిచిన పళ్ళెం పుట్టింటి పరువును చాటుతుంది, కప్పిన ఖ్వాన్ ఇచ్చేవారి హుందాతనాన్ని కాపాడుతుంది. ఒకే పాత్ర చుట్టూ రెండు వేరు వేరు మర్యాదలు పక్కపక్కన శతాబ్దాలపాటు నడిచాయి.

నిజాం దర్బారులో పళ్ళెం లేని కానుక కూడా ఉండేది. ప్రభువుకు సమర్పించే నజరానాను, చివరి నిజాం కాలంలో సాధారణంగా ఒక అష్రఫీ (బంగారు నాణెం), నాలుగు రూపాయలను, చేతి రుమాలు మీద ఉంచి రెండు చేతులతో చాచి ఇచ్చేవారు. పైనుంచి కిందికి వచ్చే బహుమతి పళ్ళెంలో, కిందినుంచి పైకి వెళ్ళే సమర్పణ అరచేతిలో అన్న ఈ తేడా, పళ్ళెం అందరికీ ఒకేలా అందుబాటులో ఉన్న గౌరవం కాదని చూపుతుంది.

తెలంగాణ పల్లెల్లో తబుకు దర్బారు వాసన పోగొట్టుకుని, రోజువారీ వాడుకలో వెడల్పాటి పళ్ళెమైంది. పండుగ మర్యాద తాంబాళానికి దక్కింది. బతుకమ్మ పేర్చేటప్పుడు తాంబాళంలో గానీ, వెదురు సిబ్బిలో గానీ ముందు గుమ్మడి ఆకులు పరిచి, వాటి మీద తంగేడు, గునుగు, బంతి పూలను వలయాలుగా పేరుస్తూ పోతారు. తాంబాళం ఎంత వెడల్పుంటే బతుకమ్మ అంత ఎత్తుకు నిలుస్తుంది. చెరువులో వదిలేటప్పుడు పూలతో కట్టిన దేవత నీళ్ళలోకి వెళ్తుంది, తాంబాళం ఇంటికి తిరిగి వస్తుంది. సత్తుపిండిని ఒకరికొకరు పంచుకునేది కూడా ఆ చెరువు గట్టునే.

హారతి పళ్ళెం ఆదాయం

ఇచ్చే పాత్ర కొన్నిచోట్ల పుచ్చుకునే పాత్ర కూడా అయింది. గుడిలో హారతి కళ్ళకద్దుకున్న భక్తుడు పళ్ళెంలో నాణెం వేయడం, పెళ్ళిలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసిన ఆడపడుచుకు పళ్ళెంలో కట్నం వేయడం ఇటువంటివి. దీనిలో ఒక నేర్పు ఉంది. ఇచ్చేవాడు చేయి చాపిన మనిషికి ఇవ్వడం లేదు, పళ్ళెంలో వేస్తున్నాడు. పుచ్చుకునేవాడు అడగలేదు, పళ్ళెం పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య ఉన్న పాత్ర యాచనకు, జీతానికి దూరంగా ఉండే మూడో రకపు చెల్లింపును సాధ్యం చేసింది. హుండీలో వేసిన డబ్బు దేవస్థానానికి, పళ్ళెంలో వేసిన డబ్బు అర్చకునికి అన్న అవగాహన చాలా గుళ్ళలో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం, 1987, వంశపారంపర్య అర్చకత్వాన్ని, దేవాలయ రాబడిలో అటువంటి వాటాలను రద్దు చేసినప్పుడు ఈ అలిఖిత లెక్క చట్టసభల్లోకి, న్యాయస్థానాల్లోకి ఎక్కింది. సుప్రీంకోర్టు 1996లో ఆ రద్దును సమర్థించింది. అయినా హారతి పళ్ళెంలో నాణెం వేసే అలవాటు పోలేదు.

ట్రే వచ్చాక

ఇంగ్లీషువారి ఇళ్ళలో ఈ పాత్రకు ఉన్న పాత పేరు సాల్వర్ కూడా విషభయం నుంచే పుట్టింది. స్పానిష్‌లో సల్వా అంటే దొర తినబోయే పదార్థాన్ని సేవకుడు ముందుగా రుచి చూడటం. అట్లా పరీక్షించిన పానీయాన్ని తెచ్చే పళ్ళేనికి ఆ పేరు చెల్లి, ఫ్రెంచి మీదుగా పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మొగల్ ముద్రకూ స్పానిష్ రుచికీ సంబంధం లేకపోయినా, వంటశాలకూ సింహాసనానికీ మధ్య దూరం పెరిగిన ప్రతిచోటా పళ్ళెం నమ్మకానికి హామీ కావలసి వచ్చిందని ఈ రెండూ చెబుతాయి. కంపెనీ కాలపు బంగళాల్లో బట్లరు వెండి సాల్వర్ మీద ఉత్తరాలు, సందర్శకుల చీట్లు తెచ్చి ఇచ్చేవాడు. ఆ మాట తెలుగులోకి దిగలేదు. దాని తరవాత వచ్చిన ట్రే మాత్రం ఇంటింటికీ చేరింది.

ట్రే నిలదొక్కుకోవడానికి కాఫీ, టీలు కారణం. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పానీయాలు అతిథి మర్యాదలో చేరేసరికి, కప్పులు, సాసర్లు, గ్లాసులు ఒకేసారి మోసి తేవడానికి చదునైన అడుగు, ఇరువైపులా పిడులు ఉన్న పాత్ర అవసరమైంది. గుండ్రని ఇత్తడి పళ్ళెం దీనికి కుదరదు. పళ్ళెంలో పెట్టిన వస్తువు పళ్ళెంతో సహా గౌరవం పొందుతుంది. ట్రేలో తెచ్చిన కప్పును అతిథి తీసుకోగానే ట్రే పని అయిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్, మెలమైన్ ట్రేలు చవకగా దొరకడంతో ఆ మాట ఆస్పత్రికి, కార్యాలయానికి, హోటలుకు, గుడ్లు అమ్మే కొట్టుకు కూడా వెళ్ళింది.

ఇంత వ్యాపించినా ట్రే ఒక హద్దు దాటలేదు. కాఫీ పళ్ళెం అని ఎవరూ అనరు, హారతి ట్రే అనీ అనరు. సన్మాన సభలో శాలువా, జ్ఞాపిక పళ్ళెంలోనే వస్తాయి. కొత్త భవనానికి రిబ్బను కత్తిరించే కత్తెర, ఆ పద్ధతి పూర్తిగా పాశ్చాత్యమైనా, పూలు చల్లిన పళ్ళెంలోనే ముఖ్య అతిథి ముందుకు వస్తుంది. పానీయం వంటి కొత్త మర్యాదకు పాత పేరు లేదు కనుక కొత్త మాట వచ్చింది. గౌరవించి ఇచ్చే పనికి పాత మాట ఉంది కనుక అది కదలలేదు.

ఎంగిలి గీత మాత్రం ఒకచోట సడలింది. హైదరాబాదులోని బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ మూలాల కుటుంబాల వల్ల నగరానికి పరిచయమైన మండి, పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం పోసి చుట్టూ కూర్చున్నవారంతా కలిసి తినే భోజనం. దక్కను ముస్లిం ఇళ్ళలో దస్తర్‌ఖాన్, అంటే భోజనానికి పరిచే గుడ్డ, చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినడం పాత అలవాటే కాని, మండి హోటళ్ళు తెలుగు పట్టణాలన్నిటికీ వ్యాపించాక అన్ని కులాల, మతాల యువకులు ఒకే పళ్ళెం చుట్టూ చేరుతున్నారు. కంచానికీ పళ్ళేనికీ మధ్య పూర్వులు గీసిన గీత ప్రకారం ఇది రెండింటిలో ఏదీ కాదు. అది పంచుకునే పాత్ర, తినే పాత్ర కూడా.

పెళ్ళిళ్ళ వైపు చూస్తే పళ్ళెం మరింత బలపడింది. నిశ్చితార్థానికి, సారెకు పళ్ళేలు అలంకరించి ఇవ్వడం పట్టణాల్లో ప్రత్యేకమైన వ్యాపారంగా ఎదిగింది. వాటిని ప్లేట్లు అంటారు, బేసి సంఖ్యలో లెక్కపెడతారు, పని అయ్యాక కొన్నిటిని అద్దె దుకాణానికి తిరిగి ఇస్తారు. చీరను నెమలిలా మడిచి, పండ్లను గోపురంలా పేర్చి, పైన పలుచని మెరుపు కాగితం చుట్టడంతో తెరిచిన సారె, కప్పిన ఖ్వాన్ ఒకే వస్తువులో కలిసిపోయాయి: కప్పూ ఉంది, లోపలిదీ కనిపిస్తుంది. పేరు ఇంగ్లీషుది, కప్పు దక్కను దర్బారుది, లోపలి పసుపు కుంకుమలు పేరంటానివి. లోహం స్థానంలో అట్ట, ప్లాస్టిక్ వచ్చినా పాత్ర చేసే పని మారలేదు. అందుకే ఈ మాటలకు నిఘంటువు ఇచ్చే ఒక్క అర్థం చాలదు. ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారో చెప్పినప్పుడే పళ్ళెరానికీ తళిగకూ, తబుకుకూ ట్రేకూ మధ్య ఉన్న తేడా తెలుస్తుంది.